క్రోమిక్ యాసిడ్ తొట్టి బదులు లేజర్... ఎవరైనా చేసి చూపించాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్లేటింగ్ యూనిట్ల మురుగునీళ్ల మీద వార్త వచ్చినప్పుడల్లా మూసేయమనేవాళ్లు కొందరు, ఉపాధి పోతుందనేవాళ్లు కొందరు, అసలు ఆ విషం ఏ పనికి వాడుతున్నామో మాత్రం ఎవరూ రాయరు. ప్లాస్టిక్ మీద నికెల్, క్రోమ్ పూత వేసే లైన్లో పనిచేస్తా కాబట్టి రాస్తున్నా.

కారు ముందు మెరిసే గ్రిల్ చాలావరకు ఏబీఎస్ ప్లాస్టికే. నున్నటి ప్లాస్టిక్ మీద లోహం నిలవదు, బ్లేడుతో గళ్లు గీసి టేప్ అంటించి లాగితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. అందుకే ముందు క్రోమిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్లు కలిపిన వేడి తొట్టిలో ముంచుతాం, అది ప్లాస్టిక్‌లోని రబ్బరు కణాల్ని తినేసి కంటికి కనపడని గుంతలు చేస్తుంది, తర్వాత వేసే పల్లాడియం, నికెల్ ఆ గుంతల్లో పట్టు దొరకపుచ్చుకుంటాయి. పని బ్రహ్మాండంగా అవుతుంది, కానీ అది హెక్సావలెంట్ క్రోమియం అండీ, క్యాన్సర్ తెప్పించే సరుకు, ఏళ్ల తరబడి ఆ ఆవిరి పీలిస్తే ముక్కు లోపలి గోడకి చిల్లు కూడా పడుతుంది. యూరప్‌లో 2017 సెప్టెంబర్ నుంచి క్రోమియం ట్రయాక్సైడ్ (ఈ క్రోమిక్ యాసిడ్‌కి మూల సరుకు) వాడాలంటే స్పెషల్ పర్మిషన్‌కి అప్లై చేసుకోవాల్సిందే.

ఆ గరుకుదనం లేజర్‌తో కూడా తెప్పించొచ్చు. కిరణం తగిలిన చోటే పైపొర లేచిపోయి గరుకవుతుంది, అక్కడే పూత పట్టేలా చేయొచ్చు, క్రోమ్ బురద ఉండదు. ఫోన్ల యాంటెన్నాలు కొన్ని ఇలాగే చేస్తున్నారు, ప్లాస్టిక్‌లో ముందే ఒక లోహ సమ్మేళనం కలిపి లేజర్‌తో గీత గీస్తే ఆ గీత మీదే రాగి ఎక్కుతుంది.

అలాగని రేపే తొట్లన్నీ పారబోయొచ్చని కాదు, వంపులు తిరిగిన పెద్ద గ్రిల్ మొత్తం లేజర్‌తో తిప్పాలంటే టైమ్ పడుతుంది, మెషిన్ ఖరీదు చిన్న యూనిట్‌కి అందదు, నికెల్ తొట్లు ఎలాగూ ఉంటాయి. కనెక్టర్లు, సెన్సార్ డబ్బాల్లాంటి చిన్న పార్టులకైతే ట్రై చేయొచ్చు కదా. ఓనర్లు అడిగేది ఒక్కటే, శాంపిల్ చూపించమని (స్లైడ్లు చూపించేవాళ్లు చాలామందే వస్తారు లెండి).

బాలాపూర్ దగ్గర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో లేజర్ విభాగం ఉంది, చర్లపల్లిలో ప్లాస్టిక్ సంగతి తెలిసిన ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. ఈ రెండూ కలిసి జీడిమెట్ల, బాలానగర్ యూనిట్ల పార్టులు కొన్ని తీసుకుని, లేజర్ కొట్టి, పూత వేసి, ఎంత బలంతో లాగితే ఊడిందో, పార్టుకి ఎంత ఖర్చు పడిందో కాగితం మీద రాసిస్తే చాలు. పొల్యూషన్ బోర్డు నోటీసుతో పాటు ఆ కాగితం కూడా పంపమనండి.

ఇట్లు,
ఒక ప్లేటింగ్ లైన్ సూపర్‌వైజర్, హైదరాబాద్