ఒక్క క్లిక్కేనట, ఎక్కడ నొక్కాలి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో ప్రభుత్వ సేవల కొత్త పోర్టల్ గురించి అరపేజీ పొగడ్త వేశారు. అన్ని సేవలూ ఒక్క క్లిక్‌తోనేనట! ఆ క్లిక్ ఎక్కడ చేయాలో చూపు లేని మాలాంటి వాళ్లకు చెప్పే నాథుడే లేడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, అంటే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, వింటూ పనులు చేసుకుంటాం మేము. ఈ పోర్టల్ తెరిస్తే 'బటన్, బటన్, బటన్' అని తప్ప ఇంకేమీ వినపడదు. వాటిలో ఏది సమర్పించేదో, ఏది రద్దు చేసేదో పైవాడికే తెలియాలి. పుట్టినతేదీ క్యాలెండర్ మౌస్‌కు తప్ప కీబోర్డుకు లొంగదు. తప్పు నింపితే గడి ఎర్రబడుతుందట, పక్కింటి అబ్బాయి చూసి చెప్పాడు. అదంతా దాటితే చివర్లో వంకర అక్షరాల బొమ్మ ఒకటి. అది చదివి టైపు చేస్తేనే మనం మనుషులమని ఒప్పుకుంటుంది.

చట్టం లేకనా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, నియమాలు వెలువడిన రెండేళ్లలోపు ప్రభుత్వమైనా ప్రైవేటైనా వాటి ప్రకారం సేవలందించాలంది. నియమాలు 2017లోనే వచ్చాయి. కేవైసీకి, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించే తనిఖీకి, కళ్లార్పి చూపించమంటే యాసిడ్ దాడి బాధితులు, అంధులు ఏం చేయాలని వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకెవరు చెప్పాలి వీళ్లకి?

పోనీ కోట్ల ఖర్చా అంటే, బటన్‌కు పేరు తగిలించడం కోడ్‌లో ఒక లైను పని. కడుతున్నప్పుడే ఆ లైను రాస్తే సరిపోయేది.

ఆ మాటకొస్తే జీవోల సంగతీ అంతే. చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, లేదా పాత అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్‌లు. చదివించి చూడండి, పిచ్చి అక్షరాలు వినిపిస్తాయి. ఏ యంత్రమైనా సరిగ్గా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు వచ్చి ఎన్నేళ్లయింది! డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం వస్తే మాత్రం శాలువాలు, ఫొటోలు, ప్రసంగాలు. అన్నట్టు, మీ ఈ-పేపర్ కూడా మాకు ఉత్త బొమ్మే.

ఇకపై ఇలాంటి వెబ్‌సైట్ల టెండర్లలో ఒక్క షరతు పెట్టమని అధికారులను కోరుతున్నాను. స్క్రీన్ రీడర్ వాడే మనిషి ఎవరి సాయమూ లేకుండా దరఖాస్తు మొత్తం నింపి చూపించాకే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి. అలా కుదరదంటే ఎందుకు కుదరదో మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు