కాపీ ఎవరు నేర్పారు: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను గుంటూరులో పీజీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పే అధ్యాపకుణ్ణి. అందరూ ప్లేజియరిజం అంటున్న గ్రంథచౌర్యం మా పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎందుకింతగా కనిపిస్తున్నదో తమ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన పల్నాడు అమ్మాయి ఒకరు కిందటేడు మా ఊరి మిర్చి యార్డు మీద రిపోర్టు తెచ్చింది. ఒక వాక్యం అచ్చు పుస్తకంలా నున్నగా ఉంది, ఆ పక్క వాక్యంలో క్రియే లేదు. ఇతరుల రాతలతో పోలిక ఎక్కువగా ఉందని తిప్పి పంపితే, ఇంటర్నెట్‌లో మాటలు మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి మళ్లీ తెచ్చింది. అందులో ‘కోల్డ్’ బదులు చల్లని అనే అర్థమున్న ‘చిల్లీ’ పడి, కోల్డ్ స్టోరేజీ కాస్తా చిల్లీ స్టోరేజీ అయింది. మిరపకాయల రిపోర్టులో ఆ మాటకు ఏ అర్థం వస్తుందో ఆమెకు తట్టలేదు. దాన్ని మొదట చూసిన మాలో ఒకరికీ తట్టలేదనుకోండి.

కాగితాలు పక్కన పెట్టి తెలుగులో చెప్పమ్మా అన్నాను. ధర పడినప్పుడు రైతు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతాడో, ఆ సరుకు మీద అప్పు ఎలా తెచ్చుకుంటాడో, కమీషన్ వ్యాపారి దగ్గర పాత బాకీ ఉంటే బేరం ఎటు తిరుగుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అందులో ఒక్క ముక్కా రిపోర్టులో లేదు.

ఈమెను దొంగ అనడానికి నాకు నోరు రాదు. బడిలోనూ ఇంటర్‌లోనూ గైడులోని ఇంగ్లీషు వ్యాసాన్ని కామాతో సహా అప్పజెప్పినవారికే మార్కులు వేసి, సొంతంగా రాసి రెండు తప్పులు చేసినవారికి ఎర్ర సిరా పూసిన మనమే, పీజీకి రాగానే అదే పనిని నేరం అంటున్నాం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే మళ్లీ రాయాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. వరుసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిస్తే లెక్కకు రాదన్న వెసులుబాటు మాత్రం మా పిల్లలకు కంఠతా వచ్చు. ఇతరుల రాతను ఎలా ఉదహరించాలో విద్యార్థులకు నేర్పే బాధ్యత సంస్థలదేనని కూడా ఆ నిబంధనలే చెబుతున్నా, నేను చూసినంతలో అది ఒక పూట ఉపన్యాసంతో ముగుస్తున్నది.

కాబట్టి పీజీ మొదటి సెమిస్టరులోనే, ఒక పేజీ చదివి మూసేసి సొంత మాటల్లో చేత్తో రాసే తరగతిని వారానికి రెండు గంటలైనా పెట్టించండి. తొలి చిత్తుప్రతిని తెలుగులో రాసే వీలు, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, కొంతసేపు తెలుగులో మాట్లాడే వీలు కల్పించండి. ఇలాంటి రాత నేర్పడానికి మనుషులు కావాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల సంగతి తమకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ అమ్మాయి చేత మొత్తం తెలుగులో రాయించి, ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులోకి తెచ్చేసరికి పదకొండు సాయంత్రాలు పట్టింది. ఈ ఏడాది నా దగ్గర అలాంటివారు నలభై ఇద్దరున్నారు.

భవదీయుడు,
ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు,
గుంటూరు.