ఏం గలదు బిడ్డా?

నల్లగొండ,
ఆదివారం పొద్దుగాల

అరేయ్ యాదిగా,

తిట్టకురా. మూడు నెలల సంది రాస్త రాస్త అనుకుంటనే ఉన్న. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయ్, ఫెలోషిప్ పైసలు ఇంకా పడలే. మన బాటనీ సారు పిహెచ్‌డీ ఇంకా తంగేడు కాడనే ఉన్నది. మంచం నిండ పాత పేపర్ల నడుమ కొమ్మలు ఎండవెట్టిండు, నేను కింద పంటున్న. ఇగ అసలు ముచ్చటకొస్త.

మొన్న మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్ సర్వేకు పోయిన, అదే ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు బిగుసుకపోయే రోగం. ఇంగ్లీషు నుంచి నువ్వు తెలుగు చేసిచ్చిన ప్రశ్నల కాయితం తోటి. భాష ఎట్ల నేర్పాల్నో పిహెచ్‌డీ చేస్తున్నోడు రాసిండు గదా అని ఒక్క అక్షరం మార్చలే. నాదే బుద్ధితక్కువ.

ఒక అవ్వ అరుగు మీద కూసున్నది. డెబ్భై దాటినయేమో. పక్కన కూసొని చదివిన: "మెడ కదలికలో ఇబ్బంది కలదా?" అవ్వ మెడ తిప్పలే. చేతికట్టె ఊతం వెట్టుకొని, నడుము, భుజాలు, తలకాయ అన్ని ఒక్కటే చెక్క లెక్క, తలుపు తిరిగినట్టు నా దిక్కు తిరిగింది. తిరిగి, "ఏం గలదు బిడ్డా? మల్ల జెప్పు, తెలుగుల జెప్పు" అన్నది.

నవ్వొచ్చిందిరా. తర్వాత ఆమె తిరిగిన తీరు సమజై నవ్వు గొంతులనే ఆగింది. జవాబు కండ్ల ముంగట ఉంటే నేను కాయితం చూస్తున్న.

'ఆమ్ల పదార్థముల సేవనం' కూడ అడిగిన, తూ. అవ్వకు అర్థం కాలే. చింతపండు రోజు తింటవా అన్న. "పులుసు లేని దినమున్నదా మా ఇంట్ల? గట్ల అడగరాదు!" చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ పోతదని హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు పిల్లలకు రోజుకు 10 గ్రాములు వెట్టి చూసిండ్రు, చెప్పిన గదా నీకు. గని బిగుసుకపోయిన బొక్కలను పులుసు ఏం జేస్తది...

ఇగ పరీక్షలు. గదుమ ఛాతికి ఆనాలె, చేతులు తలకాయ ఎనుకకు పోవాలె, కింద బిళ్లను వంగి తీయాలె. మొదటి రెండు కాలే. ఐదు రూపాయల బిళ్ల కిందేసి "తియ్యవ్వా" అన్న.

"తీస్తే నాదేనా?"

"నీదే."

"ముందుగాల జెప్పాలె గద!" అని చేతికట్టెతోటి బిళ్లను గీక్కుంట గీక్కుంట, ఆడుకుంటున్న మనుమరాలి కాళ్ల కాడికి తోలింది. పిల్ల టక్కున వంగి ఎత్తుకొని దుకాణం దిక్కు ఒకటే ఉరుకుడు! సందు తిరిగేటప్పుడు మెడ ఎనుకకు తిప్పి నన్ను చూసి నాలుక చాపింది. ఆ పిల్ల పుట్టినప్పటి సంది కృష్ణ నీళ్లే, భగీరథ నల్లాయి. అవ్వ తాగినయి బాయి నీళ్లు, బోరింగు నీళ్లు. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని అప్పుడు ఆమెకెవరు జెప్పిండ్రు?

ఫారంల రెండే గళ్లు: తీయగలరు, తీయలేరు. 'తీయలేరు' కొట్టు అన్నడు గైడ్. రైటేరా, నడుమైతే వంగలే. అయినా బిళ్ల పోయింది, నా జేబు చూడు. పెన్నుతోటి పక్కకు 'కట్టె' అని రాసుకున్న, ఏ గడిల వెయ్యాల్నో తెల్వక.

నువ్వు మాత్రం ఆ కాయితం మల్ల రాసియ్యాలె. ఈసారి మీ నాయినమ్మకు చదివి వినిపించి పంపు. ఒక్క 'కలదు' దొరికినా, ఆ టమాట తొక్కు సంగతి మీ గైడ్‌కు చెప్త, ఒట్టు. ఇంకా ఆ ఊర్ల బడి సారు ఏమన్నడంటే... దేవరకొండ బస్సొచ్చింది, మల్ల రాస్త.

పటిక