ఏడాది సేవకు చట్టం కావాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, న్యూ రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు నడుములోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు మోసిన కుర్రవాళ్లను విజయవాడ అంతా చూసింది. నీరు తీసిన తరువాత వాళ్లు కాలేజీలకు వెళ్లక తప్పలేదు. బురద పట్టిన పరుపులు, డాబాల మీద ఆరబెట్టిన పిల్లల పాఠ్యపుస్తకాలు మాత్రం మిగిలాయి. నష్టపరిహారానికి దరఖాస్తు రాయించడం, చదువు దెబ్బతిన్న పిల్లలకు దగ్గర కూర్చుని పాఠం చెప్పడం వంటి నెలల తరబడి సాగే పనికి యువతను నిలిపి ఉంచే ఏర్పాటు మనకు లేదు.

అమెరికాలో ఎలన్ ఖేజీ అనే సామాజిక కార్యకర్త చేసింది సరిగ్గా ఆ ఏర్పాటే. 1988లో బోస్టన్‌లో మిత్రుడు మైఖేల్ బ్రౌన్‌తో కలిసి ఆయన స్థాపించిన ‘సిటీ ఇయర్’, యువతీయువకులను జట్లుగా కూర్చి, బతకడానికి సరిపడా భత్యమిచ్చి, పూర్తికాలం సేవలో పెట్టింది. ఆ నమూనా స్ఫూర్తితో 1993లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి ‘అమెరికార్ప్స్’ అనే జాతీయ సేవా పథకాన్ని నెలకొల్పింది, సేవ పూర్తిచేసినవారికి పైచదువులకు సొమ్ము కూడా అందుతుంది. 2003లో ఆ పథకానికి నిధులు తగ్గినప్పుడు సంస్థలన్నిటినీ కూడగట్టి పోరాడినవారిలో ఖేజీ ముందున్నారు. 2009లో ఎడ్వర్డ్ కెనడీ మరణంతో ఖాళీ అయిన సెనేట్ స్థానానికి, 2020లో ప్రతినిధుల సభకు పోటీపడి, రెండుసార్లూ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి ఎంపికలోనే ఓడిపోయారు. అయినా ఆయన రాజకీయ జీవితం విఫలమైందనడం నాకు సమ్మతం కాదు. చట్టసభలో అడుగుపెట్టకుండానే దేశం చేత సేవకు చట్టం చేయించడంలో ఆయనకు భాగముంది.

మనకు 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరాన మొదలైన విద్యార్థుల జాతీయ సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. దానిపై నాకు గౌరవమే. కానీ రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల శిబిరం అన్న కొలత బుడమేరు వంటి విపత్తుకు చాలదు. 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో వచ్చిన వార్డు వాలంటీర్లు గడప గడపకూ పింఛను చేర్చారు. చివరికి ఆ వ్యవస్థ ఎన్నికల వివాదంలో చిక్కుకుని, ప్రభుత్వం మారాక కనుమరుగైంది. అమెరికాలోనూ 2025లో అమెరికార్ప్స్ నిధులకు కోత పడింది. అయితే అక్కడ చట్టం ఉన్నందువల్లే రాష్ట్రాలు కోర్టుకు వెళ్లి నిలదీయగలిగాయి.

డిగ్రీ పూర్తిచేసినవారు కోరుకుంటే ఏడాదిపాటు భత్యంతో సేవచేసి, తరువాత పీజీ ఫీజుకు సాయం పొందేలా, ఏ పార్టీకీ లోబడని విధంగా, మన శాసనసభ చట్టం చేయాలని కోరుతున్నాను. మొదటి జట్లను బుడమేరు ఒడ్డు వార్డులకే పంపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
విజయవాడ