అమ్మణ్ణికి నాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మణ్ణికి,

నాన్న ఆశీస్సులు. జాతరకు ఊరికి రానన్నావని అమ్మ చెప్పింది. ఉద్యోగం సంగతి ఎవరైనా అడుగుతారని టెన్షన్ పడుతున్నావట. అందుకే రాస్తున్నాను.

నువ్వు బీఎడ్ పూర్తిచేసింది 2019లో. మన ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు టీచర్ల కోసం పెట్టే డీఎస్సీ పరీక్షలో, 2018 తర్వాత నియామకాలు జరిగింది మళ్లీ 2025లోనే. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వేసి, తర్వాత రద్దు చేశారు. ఇన్నేళ్లూ నువ్వు చదవడం ఆపలేదు, పరీక్షే లేదు. చివరికి 16,347 పోస్టులు వేస్తే 3.3 లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. ఇందులో నీ తెలివిని తప్పుపట్టడానికేముంది?

ఇక నిరుద్యోగ భృతి సంగతి. 2018 అక్టోబరులో నెలకు 1,000 రూపాయల యువనేస్తం మొదలుపెట్టారు, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. తర్వాత నెలకు 5,000 గౌరవ వేతనంతో గ్రామ వాలంటీరుగా చేశావు. తెల్లారకముందే ముసలివాళ్ల ఇళ్లకు పోయి పింఛను చేతిలో పెట్టేదానివి. 2024 తర్వాత ఆ పనీ లేదు. అదే ఏడు ఎన్నికల్లో నిరుద్యోగులకు నెలకు 3,000 ఇస్తామన్నారు, మన ఇంటికైతే రాలేదు. పార్టీ ఏదైనా కోత మాత్రం ముందు మీలాంటి పిల్లలకే పడుతోంది. నాకు కోపమంతా అక్కడే.

పెద్దమ్మ కొడుకు ‘ఉచితాలతో జనం సోమరులవుతున్నారు’ అన్నాడని బాధపడ్డావంట. వెయ్యి రూపాయలు తిని ఎవరు కూర్చోగలరు? 2025 డీఎస్సీలో ఒక్కో పోస్టుకు ఫీజే 750 పెట్టారు. బస్సు చార్జీలకు, పుస్తకాలకు ఆ మాత్రం చేయూత అడగడం నామోషీ కాదమ్మా. ఎమ్మెల్యే వచ్చినా నేను అందరి ముందే అడుగుతాను.

శ్రీసిటీలో కంపెనీ పనికి పోతానన్నావు. ఇష్టముంటే పో, ఏ పనీ తక్కువ కాదు. కానీ ఇంట్లో కూర్చుని తింటున్నానని మాత్రం పోవద్దు. 2025 డీఎస్సీకి వయసు 44 దాకా పెంచారు, నీకింకా టైముంది. షిఫ్టులు, హాస్టలు, జీతంలో పట్టే కటింగులు అన్నీ కనుక్కునే చేరు.

నీ ఖాతాకు డబ్బులు వేయించాను. ముందు హాస్టలు బాకీ కట్టు. జాతరకు రా అమ్మా. శనివారం పాకాల బస్టాండుకు బండి తీసుకుని వస్తాను, నువ్వు బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యి.

మీ నాన్న