లిపి మారితే పాత పుస్తకాలు ఎవరు చదవాలి?

సంపాదకుల వారికి,

అయ్యా,

మన్యం భాషలకు ఏ లిపి తగినదన్న చర్చ వచ్చినప్పుడల్లా మనవారు తూర్పు భారతంలోని గిరిజన భాష సంతాలీని, దానికోసమే రూపొందించిన ఓల్ చికి లిపిని ఉదాహరిస్తారు. నాకు మాత్రం తూర్పు ఇథియోపియాలోని హరర్ నగరపు భాష హరరీ గుర్తుకు వస్తుంది. 2007 జనగణన ప్రకారం ఆ దేశంలో దాన్ని మాట్లాడేవారు 26 వేలకు లోపే. లిపులు మాత్రం మూడు.

ఇథియోపియా పాలనా భాష అమ్హారిక్ లాగే హరరీ కూడా అరబ్బీ, హీబ్రూలు చెందిన సెమిటిక్ కుటుంబపు భాషే. అయితే హరర్ శతాబ్దాలుగా ఇస్లామీయ విద్యకు నెలవు కావడం వల్ల అక్కడివారు తమ భాషను అరబ్బీ అక్షరాలతోనే రాసుకున్నారు. 1887లో, తరువాత ఇథియోపియా చక్రవర్తి అయిన మెనెలిక్ సేనలు నగరాన్ని జయించాక పాలన అమ్హారిక్ చేతికి పోయింది, కాలక్రమంలో హరరీకి కూడా అమ్హారిక్ రాసే గీజ్ లిపి వచ్చింది. విదేశాలకు వలసపోయినవారిలో లాటిన్ అక్షరాల వాడుక ఉంది.

వీటిలో లోపం లేనిది ఏదీ లేదు. అరబ్బీలో హ్రస్వాచ్చులకు మూడే గుర్తులు, వాటినీ తరచుగా వదిలేస్తారు. గీజ్ మన గుణింతానికి దగ్గరగా ఉంటుంది, హల్లు హల్లుకూ ఏడు రూపాలు. కానీ మామూలు రాతలో ద్విత్వాన్ని అందులో చూపరు. (వత్తులు లేకుండా తెలుగు చదవమంటే మన అవస్థ ఏమిటో ఊహించుకోవచ్చు.) అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: గీజ్ లిపిలో చదువుకున్నవారికి, అరబ్బీ లిపి విడిగా నేర్చుకుంటే తప్ప, తాతల నాటి చేతిరాతలు అందవు.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యంలోని సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితకాలం వెచ్చించారు. 1936లో మంగెయి గొమాంగో ఆ భాషకే సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. నేడు ఆంధ్రలో సవర పిల్లల వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి; సరిహద్దు దాటితే ఒడియా లిపి ఎదురవుతుంది. తెలుగు లిపి వాడడం తప్పని నేననను, బడిలో పిల్లవాడికి అది సులువే. అయితే ఇతర లిపుల్లో ఉన్న సవర రచనలను తెలుగు లిపిలో పక్కపక్కనే అచ్చువేసే బాధ్యతను విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వంటి సంస్థ తీసుకోవాలి. సవరలో గొంతు బిగబట్టి పలికే ధ్వనికి మన లిపిలో గుర్తు లేదు కనుక, దానికి ఒకే గుర్తును సవర ఉపాధ్యాయులూ పెద్దలూ కూర్చుని నిర్ణయించాలి; అది మనం పట్నంలో కూర్చుని తేల్చేది కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం