ఆస్ట్రేలియాలోని బాలారాట్ నుంచి నాయనకు

నాయనకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. తాత కోలారు బంగారు గనుల్లో పనిచేసినట్టే ఇక్కడివాళ్లూ చేశారా అని ఫోన్‌లో అడిగావు కదా. అది రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా రాస్తున్నాను.

తాతది కూలి పని. గనిలోకి దిగితే ఇంతని చేతికొచ్చేది. 1851లో బాలారాట్‌కు వచ్చినవాళ్లకు యజమానీ లేడు, జీతమూ లేదు. దేశదేశాల నుంచి ఓడలెక్కి వచ్చి, గుడారాలు వేసుకుని, ఎవరి గుంత వాళ్లు తవ్వుకున్నారు.

మొదట్లో బంగారం పైపైనే దొరికింది. సావరిన్ హిల్ అని ఆనాటి ఊరిని మళ్లీ కట్టి పెట్టారు. అక్కడి వాగులో నేనూ చేసి చూశాను. పళ్లెంలో కంకర మట్టి వేసి, నీళ్లలో ముంచి గుండ్రంగా తిప్పాలి. బురద కొట్టుకుపోతుంది, రాళ్లు ఏరి పారేయాలి. చివరికి అడుగున కాస్త నల్ల ఇసుక మిగులుతుంది. పళ్లెం వంచి దాన్ని మెల్లగా జరిపితే, బరువుకి వెనకబడిన పచ్చటి రేణువు ఒకటి కనబడుతుంది. కాసేపటికే నాకు నడుము పట్టేసింది, చలినీళ్లకు వేళ్లు కొంకర్లు పోయాయి. వాళ్లకు పొద్దస్తమానం అదే పని.

పైబంగారం అయిపోయాక అసలు కష్టం మొదలైంది. మిగిలిన బంగారమంతా ఎప్పుడో పూడిపోయిన పాత ఏరుల అడుగున ఉంది. జట్టుగా చేరి 100 అడుగులు దాటి బావి తవ్వాలి. ఊట నీళ్లు తోడుకుంటూ, గోడలు కూలకుండా చెక్కలు కొడుతూ, కొవ్వొత్తి వెలుగులో నెలల తరబడి. ఆ పాత ఏరు తమ బావి కిందుగా పోయిందో, పక్కగా పోయిందో అడుగు తగిలేదాకా తెలియదు. ఇది చదువుతుంటే మన బోర్లే గుర్తొచ్చాయి నాయనా. పక్క చేలో నీళ్లు పడ్డాయి, మన చేలో దుమ్ము లేచింది.

నాకు కడుపు మండేది లైసెన్సు సంగతికి. నెలకు 30 షిల్లింగులు. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. తర్వాత కాస్త తగ్గించారు గానీ, పోలీసులు వచ్చినప్పుడు కాగితం ఒంటిమీద లేకపోతే పట్టుకుపోయేవాళ్లు. చివరికి లైసెన్సులు తగలబెట్టి తిరగబడ్డారు. 1854 డిసెంబర్ 3న తెల్లవారకముందే ఇక్కడి యురేకా అనే చోట సైన్యం మీదపడితే కనీసం 22 మంది గనివాళ్లు పోయారు. రాజద్రోహం కేసు పెట్టిన 13 మందినీ జ్యూరీ వదిలేసింది. 1855లో నెలనెలా లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండు కాగితం వచ్చింది, దాంతోపాటు ఓటు హక్కూ వచ్చింది. ఆ పోరాటంలో చెయ్యి పోగొట్టుకున్న పీటర్ లాలర్ అదే ఏడు చట్టసభలో కూర్చున్నాడు.

ఈ న్యాయం చైనావాళ్లకు అందలేదు. అదే 1855లో వాళ్ల మీద తలకు 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి దూరంగా రోబ్ రేవులో దిగి, 400 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చారు. ఇక్కడ యురేకా గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పరు. చెప్పాలి.

1858లో ఇదే ఊళ్లో 69 కిలోల బంగారు ముద్ద బయటపడింది. అలాంటి ఒక్క కబురు చాలు, వట్టి బావి తవ్వినవాడు మళ్లీ అప్పు చేసి ఇంకోటి మొదలుపెట్టడానికి.

ఇంకో బోరు వేయించాలనుకుంటున్నావని అమ్మ చెప్పింది. పక్క చేలో పడిందని తొందరపడొద్దు. భూగర్భ జలాల శాఖవాళ్లతో ముందు పరీక్ష చేయించు. ఖర్చు నేను పంపిస్తాను, టెన్షన్ పడకు. వాళ్లేం చెప్పారో ఆదివారం ఫోన్‌లో చెప్పు.

నీ కొడుకు